లైన్ కలిపాను, మాట్లాడండి

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, నా మోకాళ్లు, నా కొత్త ఫోను క్షేమం. అక్కడ నువ్వూ, మీ అమ్మానాన్నలూ క్షేమమని తలుస్తాను.

ఫోను చేతిలో ఉంచుకుని ఉత్తరం రాస్తోందేమిటి ఈ మనిషి అని నవ్వకు. ఫోను గురించి ఫోన్లో అడిగితే ఏమవుతుందో మొన్న చూశాం కదా. నువ్వు "కింద పచ్చ గుర్తు కనిపిస్తోందా అత్తయ్యా?" అంటావు. చూద్దామని చెవి దగ్గర్నుంచి తీస్తే నీ మాట వినపడదు, విందామని చెవికి ఆనిస్తే గుర్తు కనపడదు. అరగంట ఆ తిప్పలు పడ్డాం. అదే కాగితమైతే గోడకి అంటించుకుని, కళ్లజోడు పెట్టుకుని తాపీగా నొక్కుకోవచ్చు.

నాకు గ్రూపు పెట్టడం నేర్పు. ఎందుకో చెప్తాను. మీ నాన్నా, మీ బాబాయీ మాట్లాడుకోక ఈ నెలకి తొమ్మిదేళ్లు. మీ నాన్న తన చేత్తో చేసిచ్చిన బీరువా బాబాయి ఇంట్లో ఊగిందట. "నీ బీరువా కాలు పొట్టి" అని వాడు, "నీ ఇంటి నేల వంకర" అని మీ నాన్న. వడ్రంగిని పట్టుకుని కాలు పొట్టి అంటే ఊరుకుంటాడా? ఫోన్లో మాటా మాటా పెరిగింది. "వాడే నా మొహం మీద ఫోను పెట్టేశాడు" అని ఇప్పటికీ ఇద్దరూ చెప్తారు. వచ్చే నెల ఒకటో తారీఖున బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్లు బాబాయిని కొత్త శాఖకి మార్చేస్తున్నారు. రెండు రోజుల ప్రయాణం. మూడు గంటల దూరంలో ఉండి మాట్లాడుకోనివాళ్లు అంత దూరం వెళ్లాక మాట్లాడుకుంటారా? వాడు సామాను కట్టేలోపు ఇద్దరి చేతా ఒక్క మాట మాట్లాడించాలి.

అదే ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని ఊళ్లో అందరికీ లైన్లు కలిపాను. సొంత తమ్ముళ్లకి కలపలేనా?

జవాబు పెద్ద అక్షరాలతో రాయి.

నీ అత్తయ్య

తా.క.: ఫోన్లో కళ్లనీళ్లు కారుస్తున్న పసుపుపచ్చ ముఖం ఒకటుంది. మీ పిన్ని కాలు జారిపడి కట్టు కట్టించుకుందని తెలిసి, పాపం అనుకుని నాలుగు పంపాను. ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

మా రిపేరు షాపులో మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికింది. పగిలిన ఫోన్ల అద్దాల మధ్య కూర్చుని రాస్తున్నాను. గోడకి అంటించుకో.

పచ్చ గుర్తు నొక్కు. పైన కుడి మూల మూడు చుక్కలుంటాయి, అవి నొక్కు. "కొత్త గ్రూపు" అని వస్తుంది. అది నొక్కితే నీకు తెలిసినవాళ్ల పేర్లన్నీ వరసగా వస్తాయి. నాన్న పేరు మీద ఒకసారి, బాబాయి పేరు మీద ఒకసారి, నా పేరు మీద ఒకసారి నొక్కు. కింద బాణం గుర్తు నొక్కి, గ్రూపుకి ఓ పేరు పెట్టు. అంతే, అయిపోయింది. ఇక నువ్వు రాసింది ముగ్గురికీ కనపడుతుంది, ముగ్గురూ రాసింది నీకు కనపడుతుంది.

గ్రూపు పెట్టినవాళ్లని అడ్మిన్ అంటారు. అంటే దానికి పెద్దదిక్కు నువ్వే. మొదటి మాట నువ్వే రాయాలి. మాట పెడదారి పడితే సర్దాల్సిందీ నువ్వే. మరీ ఎక్కువ రాయకు, అలాగని ఊరుకోకు.

ఒక సంగతి చెప్తున్నాను, నాన్నకి చెప్పకు. బాబాయి నంబరు నాన్న ఫోన్లోంచి తీసెయ్యలేదు. పేరు దగ్గర "వాడు" అని పెట్టుకున్నాడు. ఫోను మార్చిన ప్రతిసారీ "అందులో ఉన్నవన్నీ ఇందులోకి వచ్చాయా, అన్నీ వచ్చాయా?" అని నన్ను రెండుసార్లు అడుగుతాడు.

నీ మేనకోడలు

తా.క.: ఆ పసుపు ముఖం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్న ముఖం అత్తయ్యా. పిన్నికి వెంటనే ఫోన్ చెయ్యి.

*

చిట్టితల్లికి,

దీవెనలు. పని పూర్తయింది!

నీ కాగితం చూస్తూ ఒక్కో మెట్టూ ఎక్కాను. మీ నాన్న, మీ బాబాయి, నువ్వు, ముగ్గుర్నీ నొక్కాను. "ఇంటి లైన్" అని పేరు పెట్టాను. "పెద్దోడా, చిన్నోడా, లైన్ కలిపాను, మాట్లాడండి" అని రాశాను. రాసి, బయటికి వచ్చేశాను. గ్రూపు పేరు మీద నొక్కి అడుగుదాకా వెళ్తే ఎర్ర అక్షరాల్లో బయటికి దారి ఉంది. అది నువ్వు రాయలేదు, నేనే కనిపెట్టాను.

ఏం మాట్లాడుకున్నారో వివరంగా రాయి.

నీ అత్తయ్య

తా.క.: పిన్నికి ఫోన్ చేశాను. "నాలుగుసార్లు నవ్వారు వదినా" అంది. వేలు తగిలి నాలుగైందని చెప్పాను. అంటే ఒకసారి నవ్వానని ఒప్పుకున్నట్టే అయింది.

*

అత్తయ్యకి,

నమస్కారాలు తర్వాత. ముందు ఇది చెప్పు, ఎందుకు వెళ్లిపోయావు?

నాన్న చెక్కకి చిత్రిక పడుతుంటే ఫోను మోగింది. చూస్తే "అక్క గ్రూపు నుంచి వెళ్లిపోయారు" అని ఉంది. ఎవరైనా బయటికి పోతే అందరికీ అలా కనపడుతుంది. నాన్న చిత్రిక పక్కన పెట్టి కూలబడ్డాడు. "అక్కకి నా మీద కోపం వచ్చింది. కిందటిసారి వెళ్లినప్పుడు కుర్చీ చెయ్యి బిగిస్తానని బిగించలేదు" అన్నాడు. "కుర్చీ కాదు, ఆవిడ స్టీలు డబ్బా మనింట్లో ఉండిపోయింది, అదీ కోపం" అంది అమ్మ. సాయంత్రందాకా ఇంట్లో నీ కోపానికి కారణాలు వెతికాం. ఏడు దొరికాయి.

మాటలా? ఒక్కటీ లేదు. నువ్వే లేని గ్రూపులో మేం ముగ్గురం ఒకరి పేరు ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

దయచేసి లోపలే ఉండు.

నీ మేనకోడలు

తా.క.: నాన్న ఆ రాత్రే నీకు కొత్త కుర్చీ మొదలుపెట్టాడు.

*

చిట్టితల్లికి,

కోపమా? నాకా? బోర్డు ముందు కూర్చున్న మొదటి రోజు, నాకంటే ముందు అక్కడ పనిచేసిన పెద్దావిడ నేర్పిన పాఠం ఒక్కటే. ఇటు "హలో", అటు "హలో" వినపడగానే చెవి గొట్టం తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఒక్క ముక్క విన్నా పరాయి ఇంట్లో పెట్టె తెరిచినట్టే. ఫ్యాక్టరీ యజమాని లైన్ కలిపినా, గేటు దగ్గర కాపలావాడి లైన్ కలిపినా నేను లోపల ఉండలేదు. ఇప్పుడు ఉంటానా?

చిన్నోడికీ అదే అనుమానం వచ్చినట్టుంది. రెండు డబ్బాల బిస్కెట్లు గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా పారిపోయాడు. ముప్పై నాలుగేళ్లు ఆ వాసనలో బతికినదాన్ని, బిస్కెట్ చూస్తే నాకు కడుపులో తిప్పుతుందని వాడికి తెలియదా?

సరే, జనం తక్కువై మొహమాటపడ్డారేమోనని కొత్త గ్రూపు పెట్టాను. ఈసారి మీ అమ్మనీ, పిన్నినీ కూడా కలిపాను. "ఇద్దరూ లైన్లో ఉన్నారు. మూడు నిమిషాలు మాట్లాడుకోండి" అని రాసి వచ్చేశాను.

నీ అత్తయ్య

తా.క.: మూడు నిమిషాలు మా ఫ్యాక్టరీ నియమం. వీళ్లు కావాలంటే ఆరు తీసుకోవచ్చు, నేనేమీ అనను.

*

అత్తయ్యా,

నమస్కారాలు. మాట్లాడుకున్నారు. కానీ నువ్వు సంతోషించే రకంగా కాదు.

రెండో గ్రూపులోంచి కూడా నువ్వు వెళ్లిపోయేసరికి ముందు పిన్ని ఏడుపు ముఖం పెట్టింది. అమ్మ బొటనవేలు పెట్టింది. గంట తర్వాత నాన్న "అక్క ఎందుకు వెళ్లిపోతోంది?" అని రాశాడు, ఎవరినీ పేరు పెట్టి పిలవకుండా. ఇంకో గంటకి బాబాయి నుంచి వచ్చింది: "నన్నే అడుగుతున్నావా, ఊరికే అంటున్నావా?"

తొమ్మిదేళ్ల తర్వాత అన్నదమ్ముల మధ్య మొదటి మాట అది. నాన్న ఆ వాక్యాన్ని కళ్లజోడుతో ఒకసారి, కళ్లజోడు తీసి ఒకసారి చదివాడు. తర్వాత "నువ్వే ఏదో అని ఉంటావు" అన్నాడు. "అని మొహం మీద పెట్టేసే అలవాటు నాది కాదు" అన్నాడు బాబాయి. "మరి ఆ రోజు పెట్టేసింది ఎవరు?" "నువ్వే." "నేనా? నువ్వే!" అలా పదకొండు "నువ్వే"లు లెక్కపెట్టాను. అమ్మ భయపడి ఫోన్ మీద చాట కప్పింది.

నువ్వు వెళ్లిపోతే నీ పెద్దరికం దానంతటది నా నెత్తిన పడింది. ఇప్పుడు అడ్మిన్ని నేను. నాన్నకీ బాబాయికీ నేను పెద్దదిక్కునా? నా తల ప్రాణం తోకకొస్తోంది. వచ్చి నీ గ్రూపు నువ్వు చూసుకో.

నీ మేనకోడలు

తా.క.: మూడో గ్రూపు పెట్టకు. చేతులు జోడించి అడుగుతున్నాను.

*

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందేసరికే మూడో గ్రూపు పెట్టేశాను. ఇద్దర్నే కలిపి, నేను బయటికి వచ్చేశాను. లోపల వాళ్లిద్దరే.

ఒక్క సంగతి సరిగ్గా చూసి రాయి. ఆ రోజు ఎవరు పెట్టేశారన్న మాట మళ్లీ వచ్చిందా? ఏ మాట తర్వాత లైన్ పోయిందని మీ నాన్న అంటున్నాడు? నా పేరేమైనా వచ్చిందా?

ఒంట్లో బాగానే ఉంది. అన్నం సయించడం లేదు, అంతే.

నీ అత్తయ్య

తా.క.: ఈసారి తా.క. ఏమీ లేదు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

కూర్చుని చదువు.

ఆ గ్రూపులో నేను లేను కాబట్టి నాన్న భుజం మీంచి చూశాను. మూడో రోజు పొద్దున నాన్న ఒక్క వేలితో, పావుగంట కష్టపడి, "నిజంగా నేను పెట్టలేదురా" అని రాశాడు. బాబాయి వెంటనే చూశాడు. రాస్తున్నట్టు కనపడుతోంది, ఆగుతోంది, మళ్లీ కనపడుతోంది. చివరికి "నేనూ పెట్టలేదు అన్నయ్యా" అని వచ్చింది.

నాన్న ఫోన్ నా చేతికిచ్చి "ఇది రాయడం నా వల్ల కాదు, కలుపు" అన్నాడు. కలిపాను. కలిపి, నువ్వు చెప్పినట్టే గదిలోంచి బయటికి వచ్చేశాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మొదటి పది నిమిషాలు బీరువా గురించేనని గోడవతలికి కూడా వినపడింది.

బాబాయి బండి ఎక్కేలోపు నాన్న అక్కడికి వస్తున్నాడు. నేల వాలు చూసే రసమట్టం తీసి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. నేల వంకరో, కాలు పొట్టో బుడగ చూసి తేల్చేస్తాడట.

ఒకటే వాళ్లకి తెగడం లేదు. ఇద్దరూ పెట్టకపోతే మరి ఎవరు పెట్టారు? "ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీ పొయ్యిల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్లనిచ్చేవాళ్లు కాదు, నీ ఫోను బోర్డు మీంచే వచ్చింది. అక్కని అడుగుదాం, ఆవిడకి తెలిసి ఉంటుంది" అన్నాడట బాబాయి.

నీ మేనకోడలు

తా.క.: నీకేమైనా గుర్తుందా అత్తయ్యా?

*

చిట్టితల్లికి,

గుర్తుంది.

ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి లైన్లో ఉండిపోయాను. ఆ రోజే. మీ నాన్న గొంతు వినగానే కోపంగా ఉన్నాడని తెలిసింది, చెవి గొట్టం తీయబుద్ధి కాలేదు. బీరువా దగ్గర మొదలై ఇద్దరూ గొంతు పెంచారు. మీ నాన్న కోపం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రెండు వాక్యాలు అరిచి, ఊపిరి తీసుకుని, మూడోది అంటాడు. "ఈ రోజు నుంచి నువ్వు నా తమ్ముడివి కావు." చిన్నప్పుడు సాయంత్రానికి మర్చిపోయేవాళ్లు. పెద్దయ్యాక మర్చిపోరు. వాడు ఊపిరి తీసుకున్నాడు. నేను మీట వదిలేశాను. లైన్ పోయింది.

ఆ మాట అననివ్వకూడదనుకున్నాను. ఎవరూ అనలేదు. అనకుండానే తొమ్మిదేళ్లు అలాగే బతికారు, నా వల్ల. మర్నాడే చెప్పేద్దామనుకున్నాను. "నువ్వు మా మాటలు విన్నావా అక్కా?" అంటారని సిగ్గేసింది. వారం గడిచాక ఇంకా కష్టమైంది. ఏడాది గడిచాక ఎలా చెప్పాలో తెలియలేదు. గ్రూపు పెట్టి పరుగెత్తడం మా ఉద్యోగ నియమమని నీకు రాశాను కదా. నియమం కాదే తల్లీ, భయం. నేను లోపల ఉంటే మళ్లీ ఏం పాడుచేస్తానో అని.

ఇందాక నాలుగో గ్రూపు పెట్టాను. అందర్నీ కలిపాను. ఇదంతా వేలు నొప్పి పుట్టేలా రాశాను. "ఆ రోజు లైన్ తెంపింది నేనేరా. ఇద్దరూ నన్ను క్షమించండి" అని రాసి, ఎర్ర అక్షరాల వైపు చూడకుండా, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి లైన్లోనే ఉన్నాను.

తప్పు చేసిన నీ అత్తయ్య

తా.క.: అరగంట అయింది. "పెద్దోడు గ్రూపు నుంచి వెళ్లిపోయారు" అని వచ్చింది. ఆ వెంటనే "చిన్నోడు గ్రూపు నుంచి వెళ్లిపోయారు" అని వచ్చింది. నేను వెళ్లిపోయిన ప్రతిసారీ మీకు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది. నాకు కారణాలు ఏడు వెతుక్కోనక్కర్లేదు, ఒక్కటే ఉంది.

మళ్లీ తా.క.: నిన్న ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యలేదు, మంచిదైంది. పొద్దున్నే గుమ్మంలో ఏదో గొడవ. కిటికీలోంచి చూస్తే మీ నాన్న కొత్త కుర్చీ నెత్తిన పెట్టుకుని, మీ బాబాయి చంకలో బిస్కెట్ డబ్బాతో నిలబడ్డారు. "నువ్వు కొట్టు తలుపు." "నువ్వే పెద్దాడివి, నువ్వు కొట్టు." తలుపు తీశాను. "ఇలాంటివి ఫోన్లో మాట్లాడుకునేవి కావక్కా, అందుకే బయటికొచ్చాం" అన్నాడు మీ నాన్న. కుర్చీ దించి, ముందు నన్ను అందులో కూర్చోబెట్టాడు.

ఇప్పుడు ముగ్గురం చిన్నోడి ఇంటికి వెళ్తున్నాం. రసమట్టం నన్ను పట్టుకోమన్నారు. బుడగ ఎటు పోయినా నడిమధ్యనే ఉందని చెప్తాను.