నీ సంతకం

శీనూ,

నువ్వు పోయాక బెల్లంపల్లి ఆఫీసులో నీ ఉద్యోగమే నేను చేస్తున్నానని నీకు తెలియదు కదా. ఈ రోజు అక్కడ హాజరు మిషన్ పెట్టారు. అరచెయ్యి ఆనిస్తేనే వచ్చినట్టు.

పక్క సీటు సరోజ నవ్వింది. "ఇగ ఎవలి చెయ్యి వాళ్లే పెట్టాలె వదినా! అన్న లేటయితే రిజిస్టర్ల సంతకం నేనే పెడుతుంటి. ఒక్కసారన్న దొరకలే."

పదిహేనేళ్ల కాపురంలో నీ సంతకం నాకు రాలేదు. ఆమె ఎన్నిసార్లు రాసి నేర్చుకుందో! అన్నా అనే పిలిచేది కదా అని సర్దిచెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు.

"ఏదీ, ఒకసారి పెట్టు" అని కాగితం జరిపాను.

తడుముకోకుండా పెట్టింది. అచ్చం నీదే, చివర ఆ రెండు చుక్కలతో సహా.

చింపేద్దామనే తీసుకున్నాను. మడిచి పర్సులో పెట్టుకున్నాను.