బాగుంది అనాల్సిన వారం

సోమవారం, ఉదయం
తీర్మానం: ఈ వారమంతా ఇంట్లో దేన్నీ తనిఖీ చేయను. కూరలో ఉప్పు, ఉతికిన దుప్పటి అంచులు, మా చిన్నదాని చేతిరాత... ఏదీ! నచ్చితే "బాగుంది" అంటాను. నచ్చకపోయినా "బాగుంది" అనే అంటాను.

కారణం: నిన్న వంటింట్లోంచి విన్నాను. చిన్నది వాళ్ల నాన్నతో గుసగుసలాడుతోంది. "అమ్మకి చూపించకు నాన్నా. తను చూడదు, చెక్ చేస్తుంది." పదమూడేళ్ల పిల్ల! ఒకప్పుడు పెన్సిల్ చెక్కినా పరుగెత్తుకొచ్చి నాకే చూపించేది. మనసు చివుక్కుమంది. అది మళ్లీ నా దగ్గరికి రావాలి, అంతే.

నేను మాత్రం ఏం చేయను? చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ నాది. కుట్టు ఎక్కడ తప్పితే అక్కడ ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి. అక్కడ జీతమిస్తారు. ఇంట్లో ఊరికే చేస్తున్నాను. మానేయడం ఎంతసేపు!

సోమవారం, సాయంత్రం
ఘనవిజయం! ఆయన వండిన కూర మాడింది. "బాగుంది" అన్నాను. ఆయన గరిటె పక్కన పెట్టి, జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

మంగళవారం
గోడ మీద ఫొటో ఓ పక్కకి ఒరిగింది. సరిచేశాను. ఇది తనిఖీ కిందకి రాదు. తనిఖీ అంటే పనిగట్టుకుని తప్పు వెతకడం. ఇది పరిశీలన. కళ్లున్నాక పరిశీలించకుండా ఎలా?

బుధవారం
పరిశీలన కూడా మానేశాను. ఇవాళ చేసింది బేరీజు మాత్రమే. పక్కింటి తలుపు రంగు, మా తలుపు రంగు. అదీ మనసులోనే.

"నోరు మూసుకున్నావు, సంతోషం. ఆ కనుబొమలకి కూడా చెప్పు" అన్నారు ఆయన.

గురువారం
భోజనాల వేళ మా సూపర్‌వైజరమ్మకి నా తీర్మానం గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడే తన క్యారేజీ మూత సరిగ్గా పట్టలేదని నేనన్న సంగతి ఆవిడ గుర్తుచేసింది. ఫ్యాక్టరీలో చేసినవి లెక్కలోకి రావు. ఆ మూత నిజంగానే పట్టలేదు.

శుక్రవారం
వచ్చింది! తనంతట తానే వచ్చింది!

ఆదివారం ఆయన పుట్టినరోజు. చిన్నది ఆయనకి చొక్కా కుట్టింది. కత్తిరించడం, కాలరు, కాజాలు, అన్నీ తనే. కొలతలు ఇచ్చారు కాబట్టి ఆయనకి ముందే తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. "చూడవూ అమ్మా?" అంటూ నా ముందు పట్టుకుంది. కుట్లు కంటబడకుండా ఫ్యాను వైపు చూస్తూ "చాలా బాగుంది" అన్నాను. పిల్ల ముఖం వెలిగిపోయింది.

శనివారం
తీర్మానాన్ని పునఃసమీక్షించాను. వారమంటే పనిదినాలే. కాబట్టి నిన్నటితో నెగ్గేసినట్టే.

ఆదివారం, ఉదయం
చొక్కా ఇస్త్రీ చేద్దామని తీసుకున్నాను. ఒట్టు, ఇస్త్రీకే! ఫ్యాక్టరీ స్టిక్కర్లున్న హ్యాండ్‌బ్యాగు పక్కనే ఉంది. చెయ్యి దానంతట అదే అందులోకి పోయింది. తలెత్తేసరికి చొక్కా మీద అయిదు ఎర్ర బాణాలు. గుమ్మంలో చిన్నది.

చొక్కా తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నా చేతులు పడిపోను! "పుట్టినరోజు నాదైతే ఏడుపు మీ ఇద్దరిదీనా?" అని ఆయన నవ్వించబోయారు. నవ్వు రాలేదు.

ఆదివారం, మధ్యాహ్నం
తలుపు తెరుచుకుంది. చొక్కా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాలుగు చోట్ల కుట్లు విప్పి మళ్లీ కుట్టింది, ఆ బాణాలు పోయాయి. అయిదోది మాత్రం అలాగే ఉంది, భుజం మీద. ఎడమ భుజం కుడిదానికన్నా వేలి మందం కిందకి ఉంది. మా టేబుల్ మీదైతే కళ్లు మూసుకుని తిప్పి పంపేసేదాన్ని.

"ఇది తప్పు కాదమ్మా. నాన్న ఎడమ భుజం కొంచెం కిందకే ఉంటుంది. అందుకే కొన్న చొక్కాలన్నీ ఆ పక్కకి జారిపోతాయి. నీకు తెలీదా?"

తెలియదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చొక్కాలకి ఎన్ని వంకలు పెట్టానో! ఆయన భుజాల వైపు ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన తొడుక్కున్నారు. ఏ పక్కకీ జారలేదు. అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, చేతులు పైకెత్తి చూసుకున్నారు. "బాగుంది" అనడానికి బదులు చిన్నదాన్ని దగ్గరికి లాక్కున్నాను. కొంచెం బిగుసుకుంది, తర్వాత మెత్తబడింది.

సోమవారం, ఉదయం
కొత్త తీర్మానం: ఈ వారమంతా ఇంట్లో దేన్నీ తనిఖీ చేయను. ఈసారి ఆదివారంతో కలిపి.

చిన్నది గదిలోంచి పిలుస్తోంది. తనకో స్కర్టు కత్తిరించుకుందట, వచ్చి చూడమంటోంది. కళ్లజోడు పెట్టుకుని వెళ్తున్నాను. ముందు దాని ముఖం చూస్తాను. స్కర్టు తర్వాత.