నీ గదిలో నీటి మొక్కలు

సరోజా,

నువ్వు పోయి ఏడాది దాటింది. నువ్వు అడిగినన్నాళ్ళూ చోటు లేదన్న చేపల తొట్టి పోయిన వారం కొన్నాను.

మన అమ్మాయి కవితను తీసుకుని, ఈ మద్రాసులో చేపల కొట్లన్నీ ఉండే కొళత్తూరు వెళ్ళాను. నేను నీలంరంగు రాళ్ళు ఏరుతుంటే, మా తెలుగు విని కొట్లో ఉన్న ఆవిడ దగ్గరికొచ్చింది.

"కొత్తగా పెడతా ఉండారు గదన్నా, రంగురాళ్ళు వద్దు. సన్న గులకరాయి రెండంగుళాలు పరవండి, వేర్లు పట్టుకుంటాయి" అంది. జావా ఫెర్న్ అనే మొక్క తీసి, "దీని దుంప మాత్రం పూడ్చబాకండి, కుళ్ళిపోతుంది. చెక్కకి దారంతో కట్టండి" అని చెప్పింది. చేపలు ఇప్పుడే ఇవ్వనంది. మొక్కలు కుదురుకున్నాక, నెల పోయాక రమ్మంది.

గులకరాళ్ళు ఏడుసార్లు కడిగితే గానీ నీళ్ళు తేటపడలేదు. తొట్టికి నేరుగా ఎండ తగలకూడదట. అందుకని నీ గదిలో, నీ మంచం ఉండిన చోట పెట్టాను. ఆ మంచం తీసేసినప్పటి నుంచి కవిత ఆ గదిలో అడుగు పెట్టలేదు. నాకు కాఫీ కూడా గుమ్మం దగ్గరే అందించేది.

ఇవాళ పొద్దున ఒక మొక్క దారం ఊడి పైకి తేలింది. నా చేతులకు ముడి పడలేదు. కవితను పిలిచాను. గుమ్మంలో కాసేపు నిలబడి, లోపలికొచ్చింది. మోచేతి దాకా నీళ్ళలో పెట్టి మొక్కను కట్టింది. చెయ్యి తుడుచుకున్నాక కూడా వెళ్ళలేదు. ఆ తొట్టి ముందే నేల మీద కూర్చుంది.

"ఈడ ఇంకో చెట్టు పెట్టొచ్చు నాయనా" అంది.