పసుపు రాసిన అంగీకార పత్రం

నర్సీపట్నం,
బుధవారం

పెదనాన్నగారికి, మీ జీడిపిక్కల బస్తాల పక్క గది నుంచి హైమ నమస్కారాలు.

మన ఇంట్లో నేనేం చెప్పినా నాలుగో మనిషి దగ్గరికి వెళ్ళేసరికి వేరే సంగతి అయిపోతుంది. స్టడీ హాలు పెడతానని ఫోనులో చెప్పాను. పెద్దమ్మ పక్కనుంచి విని, "అమ్మాయి మళ్ళీ సదువుకుంటాదట" అని ఊరంతా చెప్పింది. అమ్మ నా పాత పుస్తకాలు మూటగట్టి పంపింది. ఈసారైనా పాసవమని నాన్న మెసేజి పెట్టాడు. నేను డిగ్రీ ఎప్పుడో పాసయ్యాను, అదీ ఫస్టు క్లాసులో. అందుకే ఫోను మానేసి ఉత్తరం రాస్తున్నాను.

చదివేది నేను కాదు. కొయ్యూరు నుంచి, రోలుగుంట నుంచి పోటీ పరీక్షలకు వచ్చిన అమ్మాయిలకు కూర్చోవడానికి చోటు లేదు. చిట్టితల్లి అనే పిల్ల బస్టాండు బెంచీ మీద చదువుతుంది. ముసలివాళ్ళు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి చదువుతుంది. మన ఫ్లాటు హాల్లో బల్లలు వేసి, నెలకింత అని ఫీజు తీసుకుని వాళ్ళను చదువుకోనిస్తాను. స్కూల్లో అటెండెన్సు పిలిచే ఉద్యోగం ఇక నా వల్ల కాదు.

మున్సిపాలిటీ ప్లానింగు సెక్షనులో కనుక్కున్నాను. మన వీధి నివాస ప్రాంతం కింద ఉందట. ఇలాంటిచోట అపార్టుమెంటులో డాక్టరు గది, ట్యూషను, చదువుకునే గది పెట్టుకోవచ్చు. పిండిమర, వెల్డింగు, గోడౌను కుదరవు. నాకు కావలసినవి రెండు: ఫ్లాటు ఓనరుగా మీ సంతకం, మిగతా ఫ్లాట్లవాళ్ళ అంగీకారం.

ఇట్లు,
హైమ

తా.క.: బస్తాల గదిలో ఎలుకలు ముదిరాయి. ఒకటి నన్ను చూసినా పక్కకు జరగదు. దాని లెక్కలో అద్దెకున్నది నేను.

*

నాతవరం,
శుక్రవారం

మా హైమకు పెదనాన్న మన్మథరావు దీవించి రాయునది.

నీ ఉత్తరం సింహాద్రి ఆటోలో వొచ్చింది. ఆటోలో ఉన్నోలంతా సదివీసినాక నా సేతికిచ్చినాడు. పరవాలేదు, అందరూ బాగా రాసినావన్నారు.

నా సంతకానికేటి తొందర. ముందర ఆ ఫ్లాట్లోలు ఒప్పుకోవాల. రేపు గొడవైతే నిలబడాల్సింది నాను కదా. నువ్వెళ్తే రూలు, సెక్షను అని మాటాడతావు, మనుషులు బిగుసుకుపోతారు. మీ పెద్దమ్మను పంపుతున్నాను. నువ్వు కాగితం రాసి ఉంచు, సంతకాలు అది సేయించుకొస్తాది.

ఉంటాను,
పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మ ఒట్టి సేతుల్తో ఎవరి గుమ్మం ఎక్కదు. తెలిసిందే కదా.

*

నర్సీపట్నం,
మంగళవారం

పెదనాన్నగారికి హైమ నమస్కరించి రాస్తున్న విషయం ఏమిటంటే, సంతకాలన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. అదే గొడవైంది.

నేను స్కూలు నుంచి వచ్చేలోపు పెద్దమ్మ నా అంగీకార పత్రానికి నాలుగు మూలలా పసుపు రాసింది. కుంకుమ భరిణె, పళ్ళెంలో అరటిపళ్ళు, తాంబూలం పట్టుకుని ప్రతి గుమ్మం ఎక్కి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, కాగితం చేతిలో పెట్టింది. పసుపు రాసిన కాగితాన్ని చదివేదెవరు? అందరూ నా పెళ్ళికి సంతకం పెట్టారు. అసోసియేషను సెక్రటరీ సోమసుందరం గారు "సకుటుంబంగా వస్తాం" అని కూడా రాశారు. పెళ్ళికొడుకు ఎవరని అడిగితే పెద్దమ్మ, "అంతా మీ దీవెనమ్మా, మీరు సల్లగా సూడాల" అందట.

ఇప్పుడు కింద పార్కింగులో స్కూటర్లన్నీ తీయించేశారు, షామియానా కోసమట. మూడు రోజులు డీజే పెట్టుకోవడానికి సోమసుందరం గారు నోటీసు బోర్డులో అనుమతి కూడా అంటించారు.

ఇట్లు,
హైమ

తా.క.: రెండో అంతస్తు మౌళి గారు కుక్కరు బహుమతిగా ఇచ్చేశారు. పెళ్ళి లేదండీ అంటే, "అందరు అమ్మాయిలూ మొదట అలాగే అంటారు" అన్నారు.

*

నాతవరం,
గురువారం

మా హైమకు పెదనాన్న దీవెనలు.

పది మందీ మనసారా దీవించినాక కాదని ఎందుకు సెప్పాల. పార్కింగు కూడా ఖాళీ సేసినారు. మీ పెద్దమ్మ ఏటంటాదంటే, జనం నోట మాట ఉండగానే బేగి సంబంధం సూసేద్దామంటాది. రోలుగుంటలో ఒకలున్నారు. ఆదివారం రమ్మన్నాం.

ఇంకోటి. సోమసుందరం గారు ఫోన్ సేసినారు. ఎవరో స్టడీ హాలని సెప్పారట. ఇళ్ళ మద్దిన యాపారమేటండీ, ఇల్లన్నాక మనుషులుండాల గానీ అన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది. హాలు మాట పెళ్ళయ్యాక సూద్దాం.

పెదనాన్న

తా.క.: కుక్కరు ఎన్ని లీటర్లో పెద్దమ్మ అడగమంది.

*

నర్సీపట్నం,
శనివారం

పెదనాన్నగారికి హైమ నమస్కారం.

కొత్త కాగితం రాసుకుని, పసుపు లేకుండా, నేనే గుమ్మం గుమ్మం తిరిగాను. కింది ఫ్లాటు దుర్గాంబ గారు మొత్తం చదివి, మా మనవరాలికి కిటికీ పక్కన చోటిస్తావా అని అడిగి సంతకం పెట్టారు. మిగతావాళ్ళూ పెట్టారు. సోమసుందరం గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడిచారు.

"అయితే డీజే ఉండదా?"

"ఉండదండీ. ఇరవై మంది అమ్మాయిలు కూర్చుని చదువుకుంటారు. నోరెత్తరు."

"ఇరవై మంది ఆడపిల్లలు నోరెత్తకుండానా? అదేటమ్మా, నాకు అనుమానంగా ఉంది."

మూడు రోజుల డీజేకి ఒప్పుకున్న మనిషి నిశ్శబ్దానికి ఒప్పుకోలేదు. నివాస ప్రాంతంలో వ్యాపారం చేస్తున్నారని మున్సిపాలిటీకి ఫిర్యాదు కూడా పెట్టారు. బుధవారం ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తారు. దయచేసి అప్పటికి మీ సంతకం పంపండి. రోలుగుంటవాళ్ళను రమ్మనకండి.

ఇట్లు,
హైమ

తా.క.: ఐదు లీటర్లు. తిరిగిచ్చేశాను. మౌళి గారు నొచ్చుకున్నారు, వాళ్ళావిడ మాత్రం వెంటనే అందులో పప్పు పెట్టేశారు.

*

నాతవరం,
సోమవారం

మా హైమకు పెదనాన్న రాయునది.

సంతకం పెట్టను. రూలు రూలే. ఇన్‌స్పెక్టరు వొస్తే బయపడకు. దాపరికం లేకుండా అన్ని గదులూ తీసి సూపించు. బస్తాల గది తాళం దేవుడి గూట్లో ఉంది. మన్మథరావు ఫ్లాటులో రూలు తప్పింది ఏదీ ఉండదని నా మాటగా సెప్పు. నీ బల్లలుంటే మటుకు తీయించీ.

పెదనాన్న

తా.క.: రోలుగుంటోలు పైవారం వొస్తామన్నారు. అబ్బాయికి శబ్దం పడదట, పార్కింగులో డీజే వద్దని సెప్పు.

*

నర్సీపట్నం,
గురువారం

పెదనాన్నగారికి హైమ నమస్కారాలు.

నిన్న ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. సోమసుందరం గారు ముందు నడిచి దారి చూపించారు. హాలు చూశారు. చదువుకునే గదికి అభ్యంతరం లేదు, ఓనరు సంతకం ఉంటే చాలన్నారు. వెళ్ళిపోబోతుంటే, మీరు రాసినట్టే తాళం తెచ్చి రెండో గది తీశాను.

పైకప్పు దాకా బస్తాలు. ఎలుక కూడా కదల్లేదు.

"ఇదేటమ్మా?" అన్నారాయన.

"జీడిపిక్కలండీ. మా పెదనాన్నగారివి. ఆయన ఫ్లాటులో రూలు తప్పింది ఏదీ ఉండదని చెప్పమన్నారు."

ఆయన మీ పేరు రాసుకున్నారు. నివాస ప్రాంతంలో గోడౌను కుదరదట. సోమసుందరం గారు "నాను ఈ గది గురించి అన్లేదండీ" అని చాలాసేపు అన్నారు. ఫిర్యాదు ఫ్లాటు మొత్తం మీద ఉంది కాబట్టి అది మీకే వర్తించింది. నోటీసు జత చేశాను, బస్తాలు ఈ వారంలో తీసేయాలి. ఆయన వెళ్ళాక సోమసుందరం గారు నా కాగితం అడిగి తీసుకుని సంతకం పెట్టారు. ఫిర్యాదు పెట్టింది తనేనని మీకు తెలియకూడదట.

మొదటి విడత బస్తాలు సింహాద్రి ఆటోలో వస్తున్నాయి. మీరు సంతకం పెట్టాల్సిన కాగితం అతని చేతికే ఇచ్చాను. పెడితే హాలు ఇక్కడ ఉంటుంది. పెట్టకపోతే దుర్గాంబ గారి ముందు గది మాట్లాడుకున్నాను, మీ తాళాలు చివరి బస్తాతో పంపేస్తాను. స్కూలు మానేశాను. రోలుగుంటవాళ్ళకు రావద్దని నేనే ఫోను చేసి చెప్పాను. బస్టాండు బెంచీ పిల్ల చిట్టితల్లికి మొదటి బల్ల ఇచ్చాను.

ఇట్లు,
హైమ

తా.క.: ఎలుక మీ బస్తాలతోనే బయల్దేరింది. పెద్దమ్మను బొట్టు పెట్టి దింపుకోమనండి. సోమవారం హాలు తెరుస్తున్నాను.