కందిరీగ ఉన్న ఇల్లు

షమాఖీ,
చలికాలం మొదట్లో

అమ్మ తర్వాత అమ్మవంటి జర్నిషాన్ అక్కకు,

ఇది చదివాక పొయ్యిలో వేసెయ్యి. టిఫ్లిస్ పత్రికలో ‘కందిరీగ’ పేరుతో వచ్చే ఎగతాళి పద్యాలు మీ గంజా ఊళ్ళోనూ పాడుకుంటున్నారని రాశావే, అవి రాసేది మీ మరిదే. పగలంతా అంగట్లో గొర్రెతోలు టోపీలు కుడుతూ తనలో తను నవ్వుకుంటారు చూడు, ఆ నవ్వులన్నీ పద్యాలు.

కరువులో ధాన్యం గోతుల్లో దాచి, మసీదులో ముందు వరుసలో కూర్చునే హాజీ మీద రాసిన పద్యంతో మా కొంప మునిగింది. పోయిన శుక్రవారం ముల్లా, కందిరీగను చంపినవాడికి స్వర్గమే అన్నాడు. హాజీ దగ్గర గుమాస్తాగా ఉన్న మన తమ్ముడు ఫర్రుఖ్ ఆ సాయంత్రమే భోజనానికొచ్చాడు. “వాడెవడో దొరకనీ బావా, నాలుక కోసి నీ అంగడి ముందే వేలాడదీస్తా” అన్నాడు. ఈయన వాడికి పలావు వడ్డిస్తూ, “ముందు తినరా. ఖాళీ కడుపుతో నాలుకలు తెగవు” అన్నారు. వాడు పగలబడి నవ్వాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

వాడు వెళ్ళాక ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఇక రాయనని పిల్లల మీద ఒట్టేశారు. అయినా వీధిలో అడుగుల చప్పుడైతే నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. మంచు పడకముందే పిల్లలతో నీ దగ్గరికి వచ్చేస్తాను.

నీ సల్తనత్


అక్కా,

నేను రావడంలేదు. కోప్పడకుండా చదువు.

ఆడవాళ్ళ స్నానాల రోజున హమామ్‌లో హాజీ భార్య తూకజ్‌బాన్ నా పక్కన కూర్చుంది. “మీ ఆయనకు ఒంట్లో బాగాలేదా? కందిరీగ కుట్టి చాన్నాళ్ళయింది” అంది. నేను లేచి వెళ్ళబోయాను. “భయపడకమ్మాయ్. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇంత నోరున్నవాళ్ళం, ఒక్కరమూ మగాళ్ళ చెవిన వెయ్యలేదు” అని ఏడ్చేసింది. ఇంకా బొమ్మలతో ఆడుకునే ఆమె కూతుర్ని, మనవలున్న మిల్లు యజమానికి హాజీ ఇచ్చేస్తున్నాడట. “ఆయనకు దేవుడంటే భయంలేదు, నలుగురూ నవ్వితే భయం. ఇదీ రాయమను.”

ఇంటికొచ్చి చెప్తే ఈయన మొహం పాలిపోయింది. “ఇది ఇంటిలోపలి మాట. ఎవరు మోశారని వెతుకుతూ నీ దాకా వస్తారు” అన్నారు. ఆయన భయపడటం అప్పుడే చూశాను. ఒట్టు తీసి గట్టున పెట్టమని నేనే అన్నాను.

పద్యం వచ్చింది. వీధి పిల్లలు మిల్లు యజమాని వెంటపడి పాడారు. ఆయనే పెళ్ళి ఉంగరం తిప్పి పంపి బాకూ నగరానికి వెళ్ళిపోయాడు.

ఇవాళ సాయంత్రం ఫర్రుఖ్ పత్రిక పట్టుకొచ్చి గడపలో నిలబడి చదివాడు: “పాలపళ్ళ పెళ్ళికూతురు, పళ్ళే లేని పెళ్ళికొడుకు.” తర్వాత నా వంక చూసి, “ఇది అమ్మ మాట కదక్కా?” అన్నాడు. నీకు ముసలి సంబంధం వచ్చినప్పుడు అమ్మ అన్నదే. నేనే చెప్పాను ఈయనకు, ఆలోచించకుండా.

ఈయన సూది కింద పెట్టి లేచారు. “నేనే రా” అన్నారు.

తమ్ముడి చెయ్యి నడుము దగ్గరి బాకు మీదికి పోయింది.

“హాజీ నన్నడిగాడు” అన్నాడు వాడు బాకు వదిలి, “ఈ మాట ఎవరింటిదో ఎరుగుదువా అని. ఎరగనన్నాను.”

పీట ఒకటి లాక్కెళ్ళి వీధి గుమ్మం బయట వేసుకుని, వీధివైపు మొహం పెట్టి కాపలా కూర్చున్నాడు. ఇది రాస్తున్నప్పుడూ అక్కడే ఉన్నాడు. నాకు భయం తగ్గలేదక్కా. ఈయన మాత్రం ముల్లా మీద పద్యం మొదలుపెట్టారు.

నీ చెల్లెలు
సల్తనత్