నలభై అడిగితే ముప్ఫై రెండు

బెంగుళూరు,
శనివారం సాయంత్రం

అన్నయ్యకు సుశీల నమస్కరించి రాస్తున్నది. నాన్నగారి ఆయాసం తగ్గిందా? వదినకు నెలలు నిండుతున్నాయి, కొట్లో బస్తాల మధ్య తిరగనివ్వకు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడి చలి, సాంబారులో బెల్లం రెండూ అలవాటవుతున్నాయి. హాస్టల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే లేరు. అయినా బాగానే ఉన్నాను, కంగారుపడకు.

కంగారుపడకు అంటూనే నా కంగారు రాస్తున్నాను. ఇది నాన్నగారికి చదివి వినిపించకు.

నా పని కెర్నెల్ మీద. కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే అసలు ప్రోగ్రాం అది. మిషను ఆన్ చేయగానే ఎన్ని టెర్మినళ్ళు (మనుషులు కూర్చుని పనిచేసే తెరలు), ఎంత మెమరీ అని ఒక పట్టీ చదువుకుంటుంది. మా మిషను ముప్ఫై రెండు టెర్మినళ్ళకు మించి మోయలేదు. పట్టీలో అంతకంటే పెద్ద అంకె ఉంటే ఏం చేయాలో రాసే పని నాకిచ్చారు. మిషను ఆపేయమన్నాడు పక్క సీటాయన. నాకు మనసొప్పలేదు. మన కొట్లో ఎవరినైనా "లేదు" అని పంపించామా? నలభై అడిగితే ముప్ఫై రెండు ఇచ్చేలా రాసేశాను. నాన్నగారైతే "ఉన్నవి ఇవేనండి, పట్టుకెళ్ళండి" అని చెప్పి మరీ ఇస్తారు. నేను ఆ చెప్పడమే మరిచాను. తెర మీద ఒక్క ముక్క కూడా పడదు.

ఒక ఆఫీసులో ఆ మిషను పెట్టారు. అక్కడి ఆపరేటర్ శేషయ్యగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, తెలుగువారే. పట్టీలో నలభై అని మూడుసార్లు కొట్టారట. ఎనిమిది టెర్మినళ్ళు పలకలేదు. నిర్లక్ష్యమని ఆయనకు మెమో ఇచ్చారు. మొన్న నేను ఆ మిషను చూడటానికి వెళ్ళినప్పుడు "నేను నలభయ్యే కొట్టానండి" అంటున్నారు, ఎవరూ నమ్మడం లేదు. తప్పు నాదని అక్కడికక్కడే తెలిసింది. ఆ మాట చెప్పకుండానే తిరిగి వచ్చేశాను అన్నయ్యా, సిగ్గుగా ఉంది.

మా మేనేజరుతో చెప్పాను. "సరిచేసి పంపిద్దాం, ఊరుకో. కాగితం మీద పెట్టావంటే నీ ఉద్యోగం పర్మనెంటు కావడం కష్టం" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను. ఈ ఉదయం తప్పు నాదేనని రాసి, సంతకం పెట్టి, వాళ్ళ ఆఫీసరు చేతికే ఇచ్చి వచ్చాను. సోమవారం మా మేనేజరు రమ్మన్నారు. ఏమంటారో తెలియదు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, లేకపోతే తుని బండెక్కి ఇంటికి వచ్చేస్తాను. నువ్వు మాత్రం కోప్పడకు.

వచ్చేస్తుంటే, సంగతి తెలిసి శేషయ్యగారు వరండాలోకి వెనకే వచ్చారు. తిడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, "నలభై కొట్టానో లేదోనని నాకే అనుమానం వచ్చేసిందమ్మా. చూపు పోయిందనుకుని పోయిన వారమే ఈ అద్దాలు వేయించాను. పెట్టుకుంటే తల తిరుగుతోంది. ఇంక పాతవే పెట్టుకోవచ్చంటారా?" అని అడిగారు.

పెట్టుకోండి అన్నాను.

పిఠాపురం వెళ్తే అమ్మవారికి నా పేరు చెప్పి ఒక కొబ్బరికాయ కొట్టించు. వీలైతే కాస్త కందిపొడి పంపించు. నాన్నగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు. మీ అందరి దీవెన కోరుకుంటూ,

నీ చెల్లెలు,
సుశీల