దిగే సీటు

బందరు

ఉషమ్మా,

అమ్మ రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. మీ ఇంట్లో ఫోన్ ఎవరెత్తినా స్పీకర్‌లో పెడతారు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది అందరూ వినే సంగతి కాదు. చదివి నీలోనే దాచుకో. ముఖ్యంగా అల్లుడుగారికి చెప్పకు.

సత్యశ్రీ ఓణీల ఫంక్షన్‌కి రానని నీతో అన్నాను. మీ అత్తగారు వచ్చి బొట్టు పెట్టి పిలవలేదని, ఫోన్‌లో పిలిస్తే పరిగెత్తుకొచ్చేంత చులకనా మేమని అన్నాను. నువ్వు ఆ మాట పట్టుకుని మీ అత్తగారితో పోట్లాడావట. మనవరాలికి పరికిణీ, ఓణీ పెట్టాల్సిన అమ్మమ్మే రాకపోతే ఫంక్షన్ ఎందుకు, మానేద్దామని అన్నావట. తమ్ముడు చిట్టిబాబు చెప్పాడు. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. అసలు సంగతి పిలుపు కాదు ఉషా. సిగ్గుతో రానన్నాను.

మీ మరిది నిశ్చితార్థానికి అల్లుడుగారే వచ్చి నన్ను కారులో తీసుకెళ్ళారు కదా. ఆటోనగర్‌లో ఆయన షాపులో కుట్టిన కొత్త సీట్లు వేశారు. "మీరే ముందు కూర్చోవాలండీ" అన్నారు. మా వీధి ఆడవాళ్ళందరూ చూస్తుండగా ఎక్కాను. అంటే తమ్ముడు వెనక నుంచి తోస్తే ఎక్కాను. అప్పుడు అందరం నవ్వుకున్నాం. కూర్చోగానే మెత్తగా లోపలికి దిగిపోయాను. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. పామర్రు దాటేసరికి నడుము కిందికి, మోకాళ్ళు పైకి అయ్యాయి. పక్కకి జరుగుదామంటే రెండువైపులా చెరువుగట్లలా అంచులు. ఉయ్యూరులో టీకి ఆపుతానన్నారు. టీ మానేశానని అబద్ధమాడాను. దిగితే మళ్ళీ ఎక్కగలనో లేదోనని, అసలు దిగగలనో లేదోనని భయం.

ఫంక్షన్ హాలు ముందు కారు ఆగింది. మీ అత్తగారు, వాళ్ళ తరఫు వాళ్ళందరూ ఎదురొచ్చి నిలబడ్డారు. తలుపు తీశారు. నేను లేవలేకపోయాను. కాళ్ళు బయట పెడదామంటే ఆ అంచు దాటడం లేదు. ఒక కాలు ఎలాగో దాటిస్తే చీర మోకాలి దాకా పైకి వచ్చింది, కాలు నేలకి అందలేదు. గాలిలో వేళ్ళాడుతోంది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు. అల్లుడుగారు ఇటు తిరిగి వచ్చి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత "అత్తయ్యగారూ, ఏమనుకోకండి" అని నా చంకల కింద చేతులు వేసి, లేపి, కింద పెట్టారు. చీర కుచ్చిళ్ళు జారిపోతే ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మీ అత్తగారు "మా వోడు కొత్త పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపాడే" అన్నారు. అందరూ నవ్వారు.

నీ పెళ్ళయిన దగ్గర్నుంచీ అల్లుడుగారు గదిలోకి వస్తే నేను లేచి పక్కకి తప్పుకునేదాన్ని. మా అమ్మ నేర్పింది అదే. ఎదురుగా కూర్చుని ఒక్క పూట అన్నం తినలేదు. అటువంటిది అంతమంది ముందు, చీర చెదిరి, ఆయన చేతుల్లో. చచ్చేంత సిగ్గేసింది ఉషా. ఏళ్ళ తరబడి చేపల తట్టలు నేనే ఎత్తుకున్నాను, నేనే దింపుకున్నాను. మీ నాన్న పోయినాక కూడా ఇంకొకరి చెయ్యి అడగలేదు. ఆ రోజు నన్నే తట్టలా దింపేశారు.

బస్సులో రావచ్చు కదా అంటావు. మొదటి మెట్టే నా మోకాలి కన్నా ఎత్తు. వెనక వాళ్ళు "తొరగా ఎక్కు మామ్మా" అని విసుక్కుంటారు. నావల్ల కావడం లేదని నోరు తెరిచి చెప్పడానికి మనసొప్పక పిలుపు మీదికి నెట్టేశాను. ఏ పాపం ఎరగని మీ అత్తగారిని మాటలు పడేలా చేశాను. ఆవిడకి సర్దిచెప్పు. ఫంక్షన్ ఆపకు. పరికిణీ, ఓణీ తమ్ముడితో పంపిస్తాను. నాకు జ్వరమని చెప్పు. నన్ను మాత్రం రమ్మనకు తల్లీ.

అమ్మ,
దానమ్మ

*

విజయవాడ

అత్తయ్యగారికి నమస్కారం.

మీరు నాకు చెప్పొద్దన్న ఉత్తరం ఉష తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తనని ఏమీ అనకండి. ఎదురుగా వచ్చి చెప్పాల్సిన సంగతులే గానీ, మీ ముందు నిలబడి నాలుగు మాటలు ఎప్పుడు మాట్లాడాను గనక? అందుకే నేనూ రాస్తున్నాను.

పిలుపు మాట సాకుగా చెప్పానని రాశారు. మీకు అది సాకే కావచ్చు, తప్పు మాత్రం నిజంగా జరిగింది, చేసింది నేను. బొట్టు పెట్టి పిలిచి వద్దాం, బండి తియ్యమని అమ్మ ఎన్నోసార్లు అడిగింది. షాపులో పని ఉందని నేనే దాటేసి, చివరికి ఫోన్ చేయించాను. ఆ రోజు మిమ్మల్ని దింపిన తర్వాత మీరు నా వంక చూడలేదు. భోజనం దగ్గర కూడా మొహం తిప్పుకున్నారు. ఒంటి మీద చెయ్యి వేశానని మీకు కోపం వచ్చిందనుకున్నాను. మీ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. పిలవలేదని ఉష అమ్మని నిలదీస్తుంటే, తప్పు నాదని తెలిసి కూడా పక్క గదిలో కూర్చుని విన్నాను. అమ్మ నా పేరు చెప్పకుండా ఊరుకుంది. అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుందండీ.

సీటు సంగతి కూడా చెప్పాలి. షాపుకి వచ్చినవాళ్ళు సీట్లో కూర్చుని, వెనక్కి వాలి, బాగుందంటారు. నేనూ అంతవరకే చూసేవాణ్ణి. ఎంత లోతుగా ఉంటే అంత సుఖమని, అంచులు ఎంత లేస్తే అంత అందమని కుట్టాను. అందులోంచి మనిషి ఎలా లేస్తాడని ఒక్కరోజు ఆలోచించలేదు. మా సొంత కారు సీటే మిమ్మల్ని పట్టేసింది.

మీ ఉత్తరం చదివాక అమ్మ దగ్గరకి వెళ్ళి అంతా చెప్పాను.  అంతా విని అంది: "ఒరే, ఆ బండి కొన్నాక నేనొక్కసారన్నా ముందు కూచోడం చూశావా? గాలాడదని చెప్పి ఆటోలో పోతన్నాను గానీ, నాకూ దిగటం రాదురా. ఆ రోజు వదినగారు ఇరుక్కుపోతే, హమ్మయ్య, నేను కాదులే అనిపించింది. అందుకే నవ్వాను. ముందుకెళ్ళి ఆవిడ చీర సరిచెయ్యాల్సింది నేను. ఎకసెక్కాలాడి కూచున్నాను." చెబుతూ ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

మర్నాడు అమ్మని షాపుకి తీసుకెళ్ళి, ఆమె ముందే సీటు విప్పాను. తలుపు వైపు అంచు కోసేశాను. మెత్తటి ఫోము తీసి గట్టిది వేసి, వెనక పల్లం లేకుండా చేశాను. పక్కకి తిరగడానికి వీలుగా నున్నటి రెక్సిన్ వేశాను. తలుపు పక్కన పట్టుకోవడానికి హ్యాండిల్, కింద కాలు ఆనడానికి మెట్టు పెట్టాను. చూడ్డానికి ఆస్పత్రి బెంచీలా ఉంది, అందం గిందం ఏమీ లేదు. అమ్మ మొదట ఒకవైపు ఒరిగిపోయింది. హ్యాండిల్ ఇంకాస్త కిందికి పెట్టమంది. పెట్టాక రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పి, తనే లేచి నిలబడింది. షాపంతా వినేట్టు నన్ను తిట్టింది, ఈ పని ముందే చెయ్యలేదని.

ఒక్క మాట దాచను. బందరు నుంచి ఇక్కడికి దూరం. అంతసేపు కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి. సీటు ఎంత మార్చినా చివర్లో లేవడానికి ఒక చెయ్యి కావాల్సి రావచ్చు. ఉషని గానీ, బావమరిదిని గానీ తలుపు దగ్గర ఉండమంటాను. నేను దూరంగా ఉంటాను. ఎవరు ఉండాలో మీరు చెప్పండి. మీరు లేకుండా సత్యశ్రీకి ఓణీ వెయ్యం.

శివాజీ

*

బందరు

బాబూ శివాజీ,

ఇన్నేళ్ళలో మిమ్మల్ని పేరు పెట్టి పిలవలేదు. ఈ ఒక్కసారికి ఏమనుకోకండి.

మీ ఉత్తరం చిట్టిబాబు చేత చదివించుకోలేదు, నేనే చదువుకున్నాను. రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. నా మీద విసుగుతో మీరు పిలుపుకి రాలేదనుకున్నాను. మీరేమో నా కోపానికి భయపడి రాలేదట. నేను ఆ రోజు మీ వంక చూడకపోవడం కోపం కాదు బాబూ. చూస్తే ఏడుపొస్తుందని.

వదినగారిని వెంటబెట్టుకుని రండి. బొట్టు పెట్టించుకుంటాను. నవ్వినందుకు నేనేమీ అననని చెప్పండి. ఆ సీట్లో ఆవిడ ఇరుక్కుని, నేను గుమ్మంలో ఉంటే, నేనూ అలాగే నవ్వేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అంత బాధపడ్డాను. మీతో ఫంక్షన్‌కి వస్తూ ఉయ్యూరులో వదినగారూ నేనూ దిగి టీ తాగుతాం. ఎంతసేపు పట్టినా మీరు తొందరపెట్టకూడదు.

కారులో ఆ ముందు సీట్లోనే కూర్చుని వస్తాను. మీ వాళ్ళందరూ ఎప్పటిలాగే ఎదురొస్తారు, రానివ్వండి. హ్యాండిల్ పట్టుకుని, కాళ్ళు తిప్పి, నా అంతట నేను దిగడానికి చూస్తాను. దిగితే మంచిదే. కాళ్ళు పట్టేసి లేవలేకపోతే ఎవరు ఉండాలని అడిగారు. ఉషని దూరంగా ఉండమనండి, దానికి చీర సర్దడం తప్ప ఏమీ రాదు. చిట్టిబాబు తోయడమే గానీ ఎత్తడం ఎరగడు.

తలుపు దగ్గర మీరే ఉండండి. ఈసారి మీరు నన్ను ఎత్తక్కర్లేదు, ఏమనుకోకండని అడగక్కర్లేదు. అంతమంది ముందు నేనే చెయ్యి చాపుతాను.

మీ అత్త,
దానమ్మ